మొక్కల బంధుత్వము – రసాయనముల సాక్ష్యము

ఎఱ్ఱ తోటకూర వండిన నాడు కలిపిన అన్నమునకు గులాబిరంగు పట్టుట మన యిండ్లలో అందఱెఱిగిన సంగతియే. పండిన బచ్చలికాయలను నలిపి పిల్లలు చేతులకు రంగు పూసికొందురు. ప్రహరీగోడ మీది కాగితపుపూలు, సాయంకాలమున విచ్చు చంద్రకాంతలు, బీడునేలలలోని నాగజెముడు పండ్లు, బజారులో దొరకు బీటుదుంప – ఇవన్నియు ఆ వన్నెకు దగ్గఱివే. ఈ యెఱుపునకును, మందారము, గులాబి, నేరేడుపండు, వంకాయతొక్క వీని రంగులకును మూలమున భేదమున్నదని కంటికి తోచదు. కాని రసాయనశాస్త్రజ్ఞుని దృష్టిలో ఇవి రెండు వేర్వేఱు కార్ఖానాలలో తయారైన సరకులు. ఈ భేదము పుష్పించు మొక్కలలో ఏ కుటుంబమునకు ఏ కుటుంబము చుట్టమో తేల్చుటకు ఎట్లు తోడ్పడినదో, ఎచ్చట తొందరపాటునకు దారితీసినదో వివరించుటయే ఈ ప్రసంగముయొక్క ఉద్దేశము.

పుష్పించు మొక్కల జాతులు సుమారు మూడు లక్షలు గలవు. ఇన్నింటిని ఒక క్రమమున అమర్చుకొననిదే వానినిగూర్చి నేర్చుటగాని, నేర్పుటగాని సాధ్యము కాదు. దగ్గఱి జాతులను చేర్చి ప్రజాతి యనియు, ప్రజాతులను చేర్చి కుటుంబమనియు, కుటుంబములను చేర్చి క్రమమనియు శాస్త్రజ్ఞులు వ్యవహరింతురు. 2016లో ప్రకటింపబడిన వర్గీకరణమునందు కుటుంబముల సంఖ్య 416. ఈ విభజనకు చిరకాలముగా ఆధారమైనది పుష్పము. రక్షకపత్రములెన్ని, ఆకర్షణపత్రములు కలిసియున్నవా, విడివిడిగా నున్నవా, అండాశయము పైనున్నదా, క్రిందనున్నదా అని పరీక్షించి బెంథామ్, హుకర్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞులు 1862 మొదలు 1883 వఱకు వెలువరించిన గ్రంథమే మన దేశమునందలి కళాశాలలకును, శుష్కవృక్షశాలలకును బహుకాలము ప్రమాణమైనది.

కాండమును, ఆకును విడిచి పుష్పమునే ఏల నమ్మవలెనన్న, మన భాషలోనే మంచి నిదర్శనము కలదు. నాగజెముడు, బొంతజెముడు, కాడజెముడు అని మన పూర్వులు కండపట్టి, ఆకులు లేనట్లు కన్పించు మొక్కల నన్నింటిని జెముడనిరి. కంచెకు పనికివచ్చునా లేదా అని చూచు రైతునకు ఈ పేరు చాలును. కాని బొంతజెముడును గిల్లిన పాలు కారును; దాని పువ్వు ఆముదపు కుటుంబమునకు చెందినది. నాగజెముడున పాలు లేవు. పెద్ద పసుపుపచ్చని పూవు పూయును. దాని పుట్టినిల్లు అమెరికా ఖండము. ఎండనేలలలో నీరు దాచుకొనవలసివచ్చిన రెండు వేర్వేఱు వంశములు ఒకే వేషము ధరించినవి. వేషమును జూచి చుట్టరికము కలుపరాదనుట వర్గీకరణశాస్త్రమున మొదటి పాఠము.

అయితే పుష్పము మాత్రము వేషము మార్చదా? మార్చును. తేనెటీగ వచ్చు పూవు ఒక రీతిగా, గాలికి పుప్పొడి విడుచు పూవు మఱియొక రీతిగా మాఱును. దగ్గఱి చుట్టముల పూలు ఎడమగుటయు, దూరపువారి పూలు పోలియుండుటయు కలదు. కావున బయటి రూపమునకు తోడుగా లోపలి సాక్ష్యముకూడ కావలెనని పెద్దలు తలంచిరి. ఒకే తరగతికి చెందిన ఓషధులకు గుణములును ప్రాయికముగా ఒక్కటే యుండునని ఇంగ్లండున జేమ్స్ పెటివర్ 1699లో వ్రాసెను. 1804లో స్విట్జర్లండు దేశీయుడు డి కాండోల్ మొక్కల వైద్యగుణములను వాని బాహ్యరూపములతోను, సహజవర్గీకరణముతోను పోల్చి ఒక గ్రంథమే రచించెను. వాసన, రుచి, మందుగుణము – ఇవి రసాయనముల పనియే కదా! వారికి లేనిది పనిముట్టు. 1944లో కాగితపు క్రొమటోగ్రఫీ వెలువడినది. మొక్కరసపుచుక్కను ప్రత్యేకమైన కాగితముపై నుంచి, ద్రవము నెగబ్రాకనిచ్చినచో రసమునందలి పదార్థములు విడివడి వేర్వేఱు మచ్చలుగా నిలుచును. అంతకుముందు మణుగులకొలది ఆకు కావలసిన పరీక్షకు పిదప చిన్న తునక చాలినది. 1962లో హెగ్నావర్ తన బృహద్గ్రంథముయొక్క తొలిసంపుటమును, 1963లో ఆల్‌స్టన్, టర్నర్ అనువారు జీవరసాయన వర్గీకరణమును గూర్చిన గ్రంథమును ప్రకటించుటతో ఈ శాఖ స్థిరపడినది.

ఈ కృషిలో మన ప్రాంతమునకు సంబంధము లేకపోలేదు. ఆచార్య టి. ఆర్. శేషాద్రిగారు 1930 దశకము నుండి 1949 వఱకు వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున ఉండి, శిష్యులతో గూడి ప్రత్తిపూలు, గోగుపూలు మొదలగువాని పసుపువర్ణకములను వేఱుచేసి వాని నిర్మాణమును నిర్ణయించిరి. ప్రత్తియు, గోంగూరయు, మందారమును, బెండయు ఒకే కుటుంబమునకు చెందినవని పుష్పముల ఆకారము వలన ముందే తెలిసియుండెను. ప్రత్తిపూవున గల గాసిపెటిన్ అను వర్ణకము గోంగూరపూవునను కలదు. రూపము చెప్పిన మాటనే రసాయనమును చెప్పినది. ఇట్టి చోట్ల సాక్షులిద్దఱు ఏకీభవించుటచే తగవు లేదు. వారు భిన్నముగా చెప్పినప్పుడే శాస్త్రమునకు పని కలుగును.

ఇక మొదట చెప్పిన ఎఱుపునకు వత్తము. మందారము, గులాబి, నేరేడు, వంకాయ మొదలగు బహుసంఖ్యాకములైన మొక్కలలో ఎఱుపు, ఊదా, నీలవర్ణములకు కారణము ఆంథోసయనిన్ అను జాతి పదార్థములు. వీనిలో కర్బనము, ఉదజని, ఆమ్లజని మాత్రమే ముఖ్యములు. వర్ణకముయొక్క ప్రధానభాగమున నత్రజని లేదు. బీటుదుంప ఎఱుపున మాత్రము నత్రజని కన్పించుటచే వెనుకటి రసాయనజ్ఞులు దీనిని నత్రజని గల ఆంథోసయనిన్ అని పిలిచి సరిపెట్టుకొనిరి. 1960 ప్రాంతమున స్విట్జర్లండునందలి జ్యూరిక్ నగరమున డ్రైడింగ్, వీలర్, మేబ్రీ మొదలగువారు దాని నిర్మాణమును విప్పిచూడగా అది ఆంథోసయనిన్‌కు చుట్టమే కాదని తేలెను. దానిని టైరొసిన్ అను ఆమ్లమునుండి మొక్క తయారుచేయును. ఆంథోసయనిన్‌కు ముడిసరకు ఫినైల్ అలనిన్ అను వేఱొక ఆమ్లము. ముడిసరకు వేఱు, పనిముట్లు వేఱు, పనివారు వేఱు. ఈ కొత్తజాతి వర్ణకములకు బీటుదుంపయొక్క శాస్త్రీయనామమును బట్టి బీటలెయిన్లని 1968లో పేరిడిరి.

ఈ భేదమును వంటయింటిలోనే చూడవచ్చును. మందారపు రేకులను వేడినీట నానవేసి, ఆ రసమున కొంత నిమ్మరసము చేర్చిన ఎఱుపు తేటపడును. మఱికొంత రసమున సున్నపుతేట చేర్చిన ఆకుపచ్చచాయకు తిరుగును. బీటుదుంప రసముననో, బచ్చలిపండ్ల రసముననో నిమ్మరసము వేసిన పెద్ద మార్పు కన్పింపదు. సున్నపుతేట వేసిన ఎఱుపు విఱిగి పసుపునకు దిగును. ఆకుపచ్చచాయ కానరాదు. సున్నపుతేట కంటబడిన ప్రమాదము గనుక పెద్దలు దగ్గఱనుండి చేయింపవలెను.

ఈ బీటలెయిన్లు ఎక్కడెక్కడ నున్నవని వెదకగా ఆశ్చర్యకరమైన విషయము బయటపడినది. తోటకూర, కోడిజుట్టు పువ్వు గల కుటుంబము, బచ్చలి కుటుంబము, గంగపాయిల కుటుంబము, చంద్రకాంత, కాగితపుపూలు గల కుటుంబము, నాగజెముడు కుటుంబము, మఱికొన్ని చిన్నకుటుంబములు – ఇంతే. ఇవన్నియు ఒక్క పెద్ద క్రమమునకే చెందినవి. పుష్పించు మొక్కలలో ఈ క్రమమునకు వెలుపల బీటలెయిన్ కన్పింపలేదు. అంతకంటె వింత యేమన, ఒకే మొక్క స్వభావసిద్ధముగా ఆంథోసయనిన్‌ను, బీటలెయిన్‌ను రెండింటిని తయారుచేయుట యింతవఱకు కానరాలేదు. ఒక యింట రెండు పొయ్యిలు వెలుగవు.

దీనివలన తక్షణము తీఱిన వివాదము నాగజెముడుది. లెక్కకు మిక్కిలి రేకులు, క్రింది అండాశయము గల దాని పూవును జూచి ఎంగ్లర్ అను జర్మను శాస్త్రజ్ఞుడు ఆ కుటుంబమును తోటకూరకు దూరముగా ప్రత్యేకక్రమమున నిలిపెను. గింజలో పిండము వంపుతిరిగియుండుట మొదలగు లక్షణములను బట్టి తోటకూర పక్షమున చేర్చవలెనన్నవారు లేకపోలేదు గాని వారి మాట నెగ్గలేదు. నాగజెముడు పండునందలి రంగు బీటలెయిన్ అని తేలగానే త్రాసు ఇటు మొగ్గినది. అంగుళమైన లేని పచ్చని పూల తోటకూరయు, అరచేయంత పూవు గల ముండ్లమొక్కయు ఒక వంశమువేనని రంగు సాక్ష్యమిచ్చెను. తరువాతి పరిశోధనలన్నియు దీనిని బలపఱచినవి.

ఇంతవఱకు విజయమే. కాని గెలుపు తొందరపాటును తెచ్చును. కార్నేషన్ పూవు గల కుటుంబమును పుష్పరచనను, గింజనిర్మాణమును బట్టి శాస్త్రజ్ఞులు ఏనాటినుండియో ఈ తోటకూర క్రమముననే చేర్చియుండిరి. ఆ కుటుంబపు రంగు మాత్రము ఆంథోసయనిన్. బీటలెయిన్ కుటుంబములనే ఒక క్రమముగా నిలిపి, కార్నేషన్ కుటుంబమును వెలుపలికి తీసి దగ్గఱి క్రమముగా నుంచవలెనని 1960 దశకమున మేబ్రీ మొదలగు రసాయనజ్ఞుల పక్షము. ఒక్క వర్ణకము కొఱకు తక్కిన లక్షణములన్నింటిని త్రోసిపుచ్చుట తగదని పుష్పశాస్త్రజ్ఞుల పక్షము. ఇది కేవలము పేర్ల పేచీ కాదు. పరస్పరము విరుద్ధములైన సాక్ష్యములలో దేనికెంత విలువ యీయవలెనను మూలప్రశ్నయే ఇందు ఇమిడియున్నది.

తీర్పు మూడవ సాక్షివలన వచ్చినది. జర్మనీలో బెన్‌కె అను శాస్త్రజ్ఞుడు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని క్రింద మొక్కలలో ఆహారరసమును మోయు నాళములను పరీక్షించి, వానిలోని సూక్ష్మకణికలందు మాంసకృత్తుల తంతువులు వలయాకారమున చుట్టుకొనియుండుటను కనుగొనెను. ఈ వలయము తోటకూరలో కలదు, నాగజెముడులో కలదు, కార్నేషన్‌లోను కలదు. అనగా కార్నేషన్ ఇంటివాడే. 1990 దశకమున డి.ఎన్.ఏ. అక్షరక్రమములను పోల్చుట ఆరంభమైన పిదప సందేహము మిగులలేదు. కార్నేషన్ కుటుంబము ఆ క్రమముయొక్క నడిమధ్యమున, తోటకూరకు మిక్కిలి సమీపమున నిలిచినది.

అయినచో రంగు అబద్ధము చెప్పెనా? చెప్పలేదు, మనమే దాని మాటను మించి అర్థము చేసికొంటిమి. బీటలెయిన్ ఉన్న మొక్క ఈ క్రమమునకు చెందినదని అది చెప్పినది సత్యము. బీటలెయిన్ లేని మొక్క చెందదని మనము కల్పించుకొన్నది పొరపాటు. కలిగియుండుటకును, లేకుండుటకును సాక్ష్యమున సమానబలము లేదు. చాలకాలము, ఈ క్రమమున బీటలెయిన్ ఒక్కమాఱే పుట్టి, కార్నేషన్ వంటి కొన్నిశాఖలలో నశించి, పాత ఆంథోసయనిన్ మరల వచ్చినదని ఊహించిరి. 2020లో ప్రకటింపబడిన జన్యుపరిశోధన మఱొకదారి చూపినది. బీటలెయిన్ తయారీకి కీలకమైన ఎంజైము ఈ క్రమములోనే ఒక్కమాఱు గాక పలుమాఱులు వేర్వేఱుగా రూపొందినట్లు అందు కన్పట్టుచున్నది.

ఇట్టి కథయే ఆవాలదికూడ. ఎండు ఆవగింజకు ఘాటు లేదు. నీటితో నూరినప్పుడే అది ముక్కున కెక్కును. గింజలో గ్లూకోసినోలేట్ అను గంధకము గల పదార్థమొకచోట, దానిని విడగొట్టు మైరొసినేస్ అను ఎంజైము మఱొకచోట విడివిడిగా దాగియుండును. నూరునప్పుడు రెండును కలిసి ఘాటైన తైలము పుట్టును. కాగిన నూనెలో తాలింపువేసిన ఆవాలకు ఆ ఘాటు లేకుండుటకు కారణము వేడికి ఎంజైము చచ్చుటయే. నల్లావాలనుండి ఇట్టి పదార్థమును ఫ్రాన్సున బ్యుసీ 1840లోనే వేఱుచేసెను.

ఈ ఘాటు ఆవాలు, ముల్లంగి, క్యాబేజీ కుటుంబమునకు పరిమితము కాదు. వామింట గింజలలో నున్నది. మునగవేరులో నున్నది, అందుచేతనే ఆంగ్లేయులు మన మునగను తమ దేశపు ఘాటువేరు పేరిట పిలిచిరి. బొప్పాయి గింజను కొఱికిన ఆవఘాటు తగులును. పుష్పములను జూచినచో వీనికి పొందికయే లేదు. మునగపూవు కొంత చిక్కుడుపూవును తలపించును. బొప్పాయిని బెంథామ్, హుకర్‌లు ప్యాషన్ పండు కుటుంబమున చేర్చిరి. అయినను క్యాబేజీనాశి సీతాకోకచిలుక పురుగులు మాత్రము రసాయనమునే నమ్మును. తాము ముట్టని ఆకులకు ఆవజాతి మొక్కరసము పూసినచో అవి తినుటను 1910లోనే వెర్‌షాఫెల్ట్ అను శాస్త్రజ్ఞుడు చూపెను. కోపెన్‌హేగన్‌లో ఆచార్యుడైన డాల్‌గ్రెన్ 1970 దశకమున సాహసించి, పువ్వు లెట్లున్నను ఘాటుతైలము గల ఈ కుటుంబములన్నియు ఒక్కక్రమమే యనెను. 1990 దశకపు డి.ఎన్.ఏ. పరిశీలనలు ఆయన పక్షమున నిలిచినవి. నేడు ఆవాలు, మునగ, బొప్పాయి, వామింట ఒక్క క్రమమున నున్నవి.

ఒక్క మొక్క మాత్రము మొండికెత్తెను. అది గింజలను పూసలుగా గ్రుచ్చి శిశువుల మెడలో కట్టుట ఆచారముగా గల పుత్రజీవి. దాని గింజలలోను గ్లూకోసినోలేట్ కలదు. కాని డి.ఎన్.ఏ. సాక్ష్యము ప్రకారము అది ఆవాలకు చుట్టము కాదు. ఆముదము చేరిన క్రమమునకే చెందినది. అనగా ఈ ఘాటు సృష్టిలో కనీసము రెండుమాఱులు వేర్వేఱుగా పుట్టినది. ఇది అసంభవమేమియు గాదు. లేతజొన్న మేసిన పశువులు విషమెక్కి పడిపోవుట రైతులకు తెలిసినదే. ఆ విషమునకు మూలమైన పదార్థమును, గ్లూకోసినోలేట్‌ను మొక్కలు ఆరంభమున ఒకేవిధమైన మెట్టుగుండ తయారుచేయును. మొదటి మెట్టు అనేకులకు సిద్ధముగా నున్నప్పుడు ఇద్దఱు వేర్వేఱుగా మేడ నెక్కుటలో వింత లేదు. మన కాఫీ, టీ లందలి కెఫీన్‌కూడ ఇట్లే. ఆ రెండు మొక్కలును దూరపు కుటుంబములవి. కెఫీన్ తయారుచేయు విద్యను అవి విడివిడిగా సంపాదించుకొన్నవని 2014లో కాఫీమొక్క జన్యుపటము వలన స్పష్టమైనది.

ఈ బంధుత్వముల విచారణ పండితుల వినోదమే యని తలంపరాదు. 1950 దశకమున తూర్పుఐరోపాలో స్నోడ్రాప్ అను చిన్నపూలమొక్క దుంపనుండి గాలంటమిన్ అను మందును తీసిరి. ఆ మొక్క చిన్నది. అడవినుండి త్రవ్వుకొనిపోయినచో అది నశించునే గాని లోకమునకు మందు చాలదు. దాని కుటుంబమేదో తెలిసియుండుటచే బంధువులను వెదకగా తోటలలో విస్తారముగా పెంచు డాఫొడిల్ దుంపలలోను ఆ మందు దొరకినది. మతిమఱుపు వ్యాధికి దానిని వాడుటకు 2001లో అమెరికా ప్రభుత్వము అనుమతించెను. చుట్టమెవరో తెలిసినందువలన ఒక మొక్క బ్రతికినది, రోగులకు మందు దొరకినది. చుట్టరికము తప్పుగా చదివియున్నచో ఎన్ని యేండ్లు వెదకినను తప్పుదారిలోనే వెదకెడివారము.

కావున రసాయనము మంచి సాక్షి. కాని ఏకైకసాక్షి కాదు, న్యాయాధిపతి అసలే కాదు. దానిని రెండు ప్రశ్నలు అడుగవలెను. ఈ పదార్థము ఒక్కమాఱే పుట్టినదా, పలుమాఱులా? ఇది లేని మొక్క ఎన్నడును ఎఱుగదా, ఎఱిగి విడిచినదా? ఈ ప్రశ్నలకు సమాధానము పుష్పమును, గింజను, నాళమును, డి.ఎన్.ఏ.ను కలిపి విచారించినపుడే లభించును. డి.ఎన్.ఏ. వచ్చిన పిదప రసాయనములకు పని తీఱినదనువారు కలరు. కాని డి.ఎన్.ఏ. చుట్టరికమును చెప్పును, ఆ చుట్టములు ఏ విద్య నేర్చిరో, ఎవరు మఱచిరో, ఎవరు స్వయముగా సంపాదించిరో రసాయనమును చూచిననే తెలియును.

ఈసారి ఎఱ్ఱ తోటకూర గిన్నె దింపినపుడు అన్నమునకు పట్టిన రంగును ఒకపరి గమనింపుడు. పెరటి గోడమీద ముండ్లతో నిలిచిన నాగజెముడునకును, వాకిటి కాగితపుపూలకును, పళ్లెములోని కూరకును గల పాతచుట్టరికము ఆ గులాబిచాయలోనే వ్రాయబడియున్నది.